మేస్త్రీ మొహం ఎవరూ చూడలేదు

"ఐదింటికి టీవీ వాళ్ళొస్తారు. అప్పటిదాకా నీ ఇష్టం, ఎన్ని ప్రశ్నలైనా అడుక్కో," అన్నాడు లెఫ్టినెంట్ బాస్కోపె, కుర్చీలో వెనక్కి వాలి. "నా దగ్గర విప్పని నోరు నీ దగ్గర విప్పుతాడేమో చూద్దాం."

ఫెలిసా కాలిసాయా గోడ గడియారం వంక చూసింది. రెండుంబావు.

"టీవీలో మనిషిని చూపిస్తావా, మొహం చూపిస్తావా?"

"రెంటికీ తేడా ఏముంది?"

"నీకేం లేదు. వాడికుంది."

బాస్కోపె నవ్వాడు. నాలుగేళ్ళ కిందట ఆ కుర్చీ ఫెలిసాది. పైవాళ్ళతో పడక ఆమె ఉద్యోగం వదిలేసి, మెట్ల వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా దర్యాప్తులు చేసుకుంటోంది. అప్పట్లో ఆమె కింద పనిచేసిన బాస్కోపెకి ఆమె కుర్చీ దక్కింది, ఆమె మరిచిపోయి వచ్చిన కాఫీ కప్పు కూడా దక్కింది. ఆ కప్పు ఇప్పుడు బల్ల మీదే ఉంది. అడిగితే ఇచ్చేస్తాడు, కానీ అడగడం ఆమెకి ఇష్టం లేదు.

"సరే, చెప్పు నీ కథ," అంది.

"కథ కాదు, కేసు. మూడు గంటల్లో తేల్చేశాను. మొన్న పొద్దున్న ఆరున్నర. మార్కెట్ వెనక రేకుల షెడ్డు. బూట్ పాలిష్ ముఠా తమ పెట్టెలు దాచుకునే చోటు. ఒకడు రాతిమెట్టు పక్కన చచ్చి పడున్నాడు, తల వెనక పగిలింది. ఇంకొకడు పక్కనే కూర్చున్నాడు, చేతుల నిండా రక్తం. చచ్చినవాణ్ణి అందరూ మేస్త్రీ అంటారట. అసలు పేరు ఒక్కడికీ తెలీదు. కూర్చున్నవాడు బొగ్గు. వీడి జేబులో గుర్తింపు కార్డు దొరికింది కాబట్టి వీడికో పేరుంది, ఎలియోదోరో వాంకా. పోట్లాడుకున్నారు, తోశాడు, చచ్చాడు. అయిపోయింది."

"పోట్లాడుకున్నారని ఎవరు చెప్పారు?"

"పక్కన రొట్టెలమ్మే ఆవిడ కేకలు విందట, ఆరింటికి. ఇద్దరు మగవాళ్ళ గొంతులు."

"ఆరింటికి కేకలు. ఆరున్నరకి నువ్వు. మధ్యలో అరగంటసేపు వాడు పారిపోకుండా ఏం చేస్తున్నట్టు?"

"ఏడుస్తున్నాడేమో."

"ఏడ్చాడా మరి?"

"లేదు," అన్నాడు బాస్కోపె. "అసలు ఆ ముఠాలో ఎవడికీ గుండె లేదు. నేను శవం మీద ముసుగు లాగేసరికి ఏం చేశారో తెలుసా? అందరూ ఒక్కసారిగా గోడ వైపు తిరిగిపోయారు. పదిహేనేళ్ళ స్నేహమట! ఆఖరిసారి మొహం కూడా చూడలేదు."

ఫెలిసాకు ఒళ్ళు మండింది. వాళ్ళు అలా తిరగడం కంటే పెద్ద మర్యాద ఆ షెడ్డులో లేదు. లా పాజ్‌లో బూట్లు తుడిచేవాడంటే దొంగో తాగుబోతో అని జనం లెక్క. అందుకే వాళ్ళు కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా ఉన్ని ముసుగు వేసుకుని పనిలోకి దిగుతారు, ఇల్లు చేరేముందు తీసి జేబులో పెట్టుకుంటారు. ఇంట్లో ఆలికి తెలీదు, పిల్లలకి తెలీదు. తమలో తాము కూడా పేర్లు అడగరు, మొహాలు చూసుకోరు. రొట్టె తినడానికి ఒకడు ముసుగు ఎత్తితే మిగతావాళ్ళు గోడ వైపు తిరుగుతారు. ఫెలిసా చిన్నాన్న ముప్పై ఏళ్ళు అలాగే బతికాడు. ఆయన పోయినప్పుడు శవపెట్టె మీద ముసుగు పెట్టి పూలు వేసింది ఆ ముసుగుల వాళ్ళే తప్ప చుట్టాలు కాదు.

ఇదంతా బాస్కోపెకి చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుందని ఊరుకుంది.

బయట బెంచీ మీద, ముఠాలో అందరూ పిచ్చుక అని పిలిచే ఆడమనిషి కూర్చునుంది. ఫెలిసాని ఈ పనికి పిలిచిన మనిషి ఆమే. నీలం ముసుగు, మగవాళ్ళ కోటు, ఒళ్ళో రొట్టెల మూట.

"రెండ్రోజులుగా తిండి పట్టుకొస్తున్నానక్కా. పేరు చెప్పమంటాడు ఆ గుమాస్తా. బొగ్గు అంటే, ఇక్కడ బొగ్గులు అమ్మడం లేదు పొమ్మన్నాడు."

"ఎలియోదోరో అని చెప్పు."

"ఎవరది?"

"మీ బొగ్గే."

పిచ్చుక ఆ పేరు లోపల్లోపలే ఒకసారి అనుకుని, తల అడ్డంగా ఊపింది. "నప్పలేదు వాడికి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "వాడు మేస్త్రీని చంపడమేంటక్కా! మేస్త్రీ వాడికి తండ్రి లాంటోడు. చలికాలం వస్తే ఆయన కాళ్ళు వీడి ఒళ్ళోనే ఉంటాయి. జైల్లో పెడితే పెట్టనీ, అది తర్వాత చూసుకుందాం. మొహం మాత్రం చూపించనివ్వకు. వాళ్ళమ్మ వార్తలు చూస్తుందట," అంది.

*

లాకప్పు గదిలో బొగ్గు మూలకి తిరిగి కూర్చునున్నాడు. స్వెట్టర్ మెడని ముక్కుదాకా లాక్కుని పళ్ళతో పట్టుకున్నాడు. ఫెలిసా లోపలికి వస్తూనే స్టూలు తిప్పి, అతని వైపు వీపు పెట్టి కూర్చుంది.

ఇద్దరూ చెరో గోడనీ చూస్తున్నారు. దర్యాప్తు చేసేవాళ్ళకి ఎదుటి మనిషి మొహమే సగం సాక్ష్యం. ఆమె దాన్ని వదిలేసుకుంది, గొంతు ఒక్కటే మిగిలింది.

"ఎవరు నేర్పారు నీకిది?" అన్నాడు బొగ్గు.

"మా చిన్నాన్న."

"ఏ కూడలి?"

"చర్చి ముందు."

"అక్కడ పోటీ ఎక్కువ." ఊపిరి వదిలిన చప్పుడైంది. "నువ్వెవరో నాకు తెలీదక్కా. కానీ ఒక్క మాట వాళ్ళకి చెప్పు. ఎన్నేళ్ళైనా లోపల వేసుకోమను. మొహం మాత్రం చూపించొద్దని చెప్పు. నేను అచ్చాఫీసులో పనిచేస్తున్నానని మా అమ్మ వీధంతా చెప్పుకుంటుంది. పొయ్యి దగ్గర కూర్చుని వార్తలు చూస్తుంది, ఒక్కరోజు తప్పదు."

"చెప్పాను. వినలేదు. నువ్వు నోరు విప్పితే వినేలా చేస్తాను. మేస్త్రీ నీకెలా తెలుసు?"

"పన్నెండేళ్ళప్పుడు ఇంటి మీద అలిగి బస్టాండులో పడుకునేవాణ్ణి. బూట్లు తుడవడం మొదలెట్టిన రోజున మా వీధివాడు ఒకడు ఎదురొచ్చాడు. నాకేం చెయ్యాలో తోచలేదు. మేస్త్రీ తన ముసుగు పీకి నాకు తొడిగేశాడు. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను, ఆయన్ని చూడకూడదని. ఆ రోజంతా ఆయన మొహానికి గుడ్డ చుట్టుకుని పనిచేశాడు."

ఫెలిసా ఆ మాటల వెనక దుఃఖం కోసం వెతికింది. ప్రేమ ఉంది, భయం ఉంది. చచ్చిపోయిన మనిషి గురించి మాట్లాడేటప్పుడు గొంతులో పడే జీర లేదు.

"పిచ్చుక నన్ను మూడుసార్లు అడిగింది, శవాన్ని ఎప్పుడిస్తారని. పూలు ఎవరు తేవాలో కూడా అనుకున్నారట. నువ్వు అడగవేం?"

అతను మళ్ళీ స్వెట్టర్ పళ్ళ మధ్యకు లాక్కున్న చప్పుడు మాత్రం ఆమెకి వినిపించింది.

*

శవాల గదిలో పనిచేసే ముసలాయన ఫెలిసాకు పాత పరిచయం. బల్ల మీద గుడ్డ తొలగించి, పక్కన ఒక ప్లాస్టిక్ సంచి పెట్టి, సిగరెట్టుకని బయటికి పోయాడు. సంచిలో మేస్త్రీ ముసుగు ఉంది. నల్ల ఉన్ని, నోటి చుట్టూ ఆకుపచ్చ దారంతో కుట్టు.

"ఆ కుట్టు నేనే వేశాను," అంది పిచ్చుక. తలుపు దగ్గరే ఆగిపోయి, బల్ల వైపు చూడకుండా గోడకి తిరిగి నిలబడింది. "చలికి పెదాలు పగుల్తున్నాయంటే పోయినేడాది వేశాను. అది చూసే చెప్పాం మొన్న, మేస్త్రీయే అని. కోటూ ఆయనదే."

ఫెలిసా ముందు తల వెనక గాయం చూసింది. లోతైన పగులు, జుట్టులో రాతిపొడి. తర్వాత ముసుగుని వెలుగులోకి పట్టుకుని వేళ్ళతో తడిమింది. వెనక భాగంలో ఉన్ని ఎక్కడా తెగలేదు, ఒక్క దారం కూడా లేవలేదు. రాతిపొడి లేదు. రక్తం లోపలి వైపునుంచే ఇంకింది. రాయి తగిలినప్పుడు ఈ తల మీద ముసుగు లేదు. తల పగిలాక ఎవరో తొడిగారు.

ఎవరు తొడిగారో తెలుస్తూనే ఉంది. ఎందుకో తెలియడం లేదు. మర్యాద కోసమా? చచ్చిన మనిషి మొహం పోలీసులు చూడకూడదనా? అలా అయితే ఏడవాలి కదా మనిషి.

అప్పుడు శవం మొహం చూసింది. యాభై దాటిన మనిషి. బుగ్గలు ఎండకి కమిలి, చలిగాలికి పగిలి, ఇటుక రంగులో ఉన్నాయి. నుదురు, ముక్కు, గడ్డం అంతా ఒకటే రంగు. మైదానంలో జీవితమంతా గాలికీ ఎండకీ తిరిగిన మొహం. అందులో ఏదో తప్పుందని ఆమెకి అనిపిస్తోంది కానీ, ఏమిటో దొరకడం లేదు.

వెనక నీళ్ళ చప్పుడైంది. పిచ్చుక మూలనున్న కుళాయి దగ్గర, గోడకి తిరిగి, ఏడుపుకి తడిసిన ముసుగుని నుదుటిదాకా ఎత్తి మొహం కడుక్కుంటోంది. కుళాయి మీద చిన్న అద్దం ఉందని ఆమె గమనించలేదు. ఫెలిసా తల ఎత్తేసరికి ఆ మొహం అద్దంలో ఎదురుగా ఉంది.

కళ్ళ చుట్టూ పట్టీ కట్టినట్టు నల్లగా మాడిపోయిన చర్మం. మిగతా మొహమంతా తొక్కతీసిన బంగాళాదుంపలా తెల్లగా, మెత్తగా ఉంది.

ఫెలిసా సిగ్గుపడి వెంటనే తల దించుకుంది. దించుకున్నాక గానీ తను ఏం చూసిందో అర్థం కాలేదు.

"పిచ్చుకా," అంది. "నన్ను క్షమించు, అద్దంలో నీ మొహం చూశాను. కావాలని చూడలేదు."

పిచ్చుక చటుక్కున ముసుగు లాక్కుంది. "మా ఆయన పోయాక ఎవరూ చూళ్ళేదు," అంది మెల్లగా.

"మేస్త్రీ ఎన్నేళ్ళు ముసుగులో ఉన్నాడు?"

"పాతికేళ్ళకి తక్కువుండదు."

"అయితే వచ్చి ఈ మనిషిని చూడు. చూసినా మేస్త్రీ పట్ల మర్యాద తప్పినట్టు కాదు. ఈయన మేస్త్రీ కాదు."

పిచ్చుక బల్ల దగ్గరికి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. చూసింది. ముసుగు మీంచే తన బుగ్గ తడుముకుంది, మళ్ళీ ఆ కమిలిన బుగ్గల్ని చూసింది. తను రోజూ అద్దంలో చూసుకునేదే ఆ తేడా. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"ఎవడో ఊరి పెద్దమనిషి," అంది. ఆ వెంటనే నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది. "బతికే ఉన్నాడక్కా! ముసలాడు బతికే ఉన్నాడు! మేం పూలకి కూడా చెప్పేశాం కదా!"

ఫెలిసా నవ్వలేదు. మేస్త్రీ బతికుంటే, అతని కోటులో చచ్చి పడున్నది ఎవరో చెప్పాల్సిన వాడు మేస్త్రీయే. ఆ సంగతి పిచ్చుకకీ తట్టినట్టుంది. నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"నాకు పనుంది," అని, రొట్టెల మూట ఫెలిసా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

*

మూడున్నర దాటాక ఫెలిసా మళ్ళీ లాకప్పులో స్టూలు తిప్పి కూర్చుంది. రొట్టె ముక్క చెయ్యి వెనక్కి చాపి ఇచ్చింది. అతను తింటున్నంతసేపూ గోడ చూస్తూ, ముసుగు సంగతీ మొహం సంగతీ చెప్పింది.

నమలడం ఆగిపోయింది.

"లెఫ్టినెంట్‌కి చెప్పేశావా?"

"ఇంకా లేదు. పిచ్చుకకి చెప్పాను. నన్ను పిలిచింది ఆమె, చెప్పకపోతే తప్పవుతుంది."

"అయ్యో అక్కా!"

"ఎవరు వాడు?"

"ఆయన తమ్ముడు." ఇప్పుడు దాచి లాభం లేదని మాటలు గబగబా వచ్చేశాయి. "ఊళ్ళో లారీలున్నాయట, పెద్ద పేరట. ఇరవయ్యేళ్ళు వెతికి పట్టుకున్నాడు, ప్రేమతో కాదు. కూతురి పెళ్ళి కుదిరిందట, మగపెళ్ళివాళ్ళు ఆరా తీస్తున్నారట. పొద్దున్నే షెడ్డులోకొచ్చి, మా ఇంటి పరువు తీసి కూడలిలో కూర్చున్నావా అని ముసుగు పట్టుకు లాగుతున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. మేస్త్రీ తోశాడు, అంతే. ముసుగు ఊడకూడదని తోశాడు. వాడు మెట్టు మీద పడ్డాడు. ఆయన తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు."

"నువ్వు?"

"లారీల యజమాని చచ్చిపోయి, బూట్లు తుడిచేవాడు బతికుంటే న్యాయం ఎటుంటుందో నాకు చెప్పకు. నేను గోడ వైపు తిరిగి, ముసుగూ కోటూ విప్పి ఇమ్మన్నాను. వాడికి తొడిగాను. ఇప్పుడు చచ్చిపోయింది నువ్వే, పో అన్నాను. శ్మశానం దగ్గరి బస్టాండులో బస్సెక్కితే సరిహద్దు సరస్సు దాటి పెరూలో ఉంటాడు. ముసుగు లేకపోతే ఆయన్ని గుర్తుపట్టే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడు లేడక్కా. నేనూ పట్టలేను."

"నువ్వెందుకు ఆగిపోయావు?"

"పిచ్చుకో ఇంకొకరో ముందొచ్చి ముట్టుకుంటే తేడా తెలిసిపోదూ? ఆయన చేతులు నాకే కాదు, అందరికీ తెలుసు." అతను దగ్గరికి జరిగాడు. వీపుకి వీపు తగిలింది. "వేలిముద్రలు తేలడానికి వారం పడుతుందని కానిస్టేబుల్ అన్నాడు. ఆ వారం చాలు. ఏమీ చెప్పకు. మొహం చూపిస్తే చూపించుకోనీ. అమ్మకి తెలిస్తే తెలుస్తుంది. రెండు రోజులుగా దాని గురించే ఆలోచించాను, ఇక ఫర్వాలేదు."

ఫర్వాలేదని అన్నాడే కానీ, స్వెట్టర్ మెడని మళ్ళీ ముక్కు మీదికి లాక్కున్నాడు.

ఫెలిసాకు అతని మీద జాలి కంటే ముందు అసూయ కలిగింది. అది ఆమెకే నచ్చలేదు. పాతికేళ్ళ సర్వీసు, నాలుగేళ్ళ సొంత పని, ఒక గది, ఒక పొయ్యి. తనకోసం ఎవరైనా ఇంత పని చేస్తారా అని వెతుక్కుంటే ఒక్క పేరు కూడా రాలేదు. పేర్లు తెలిసినవాళ్ళు మాత్రం ఊరి నిండా ఉన్నారు.

ఐదింటికి ఇంకా పావుగంట ఉందనగా బాస్కోపె బల్ల ముందు నిలబడింది.

"ఒక్కరోజు ఆపు. చచ్చిపోయింది ఎవరో నీకు తెలీదు."

"నీకు తెలుసా?"

"ముసుగు చూడు. వెనక చిరగలేదు, రాతిపొడి లేదు. చచ్చాక తొడిగారు."

"తొడిగింది వీడే. రుజువు ఇంకా గట్టిపడింది, థాంక్స్." బాస్కోపె ఆమె కప్పులో కాఫీ తాగాడు. "ఫెలిసా, నీ ఎత్తులు నాకు తెలుసు, నేర్పింది నువ్వే కదా. చచ్చినవాడెవడో చెప్పు. ఈ క్షణమే కెమెరాల్ని వెనక్కి పంపిస్తాను."

చెబితే బొగ్గు మొహం మిగులుతుంది, ముసలాయన మిగలడు. చెప్పకపోతే ముసలాయనకి వారం దొరుకుతుంది, పొయ్యి దగ్గర కూర్చున్న ఒక తల్లి కొడుకుని హంతకుడిగా చూస్తుంది. ఆమె నోరు తెరిచింది. ఏమీ అనకుండా మూసుకుంది.

"అదీ సంగతి," అని బాస్కోపె టోపీ పెట్టుకున్నాడు.

*

వాకిట్లో నాలుగు కెమెరాలు, పది పన్నెండు మంది విలేకరులు, గేటు బయట జనం. బొగ్గుని ఇద్దరు కానిస్టేబుళ్ళు రెక్కలు విరిచి పట్టుకుని తీసుకొచ్చారు. గడ్డం రొమ్ముకి ఆనించి, జుట్టు ముందుకి వేలాడేసుకుని నడుస్తున్నాడు. ఫెలిసా గోడ పక్కన నిలబడి నేల చూస్తోంది. పనికి వచ్చాక ఆమె ఇంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు.

"పదిహేనేళ్ళు తనని సాకినవాణ్ణే పొట్టన పెట్టుకున్న మనిషి," అన్నాడు బాస్కోపె మైకులో. "తల ఎత్తించండి."

కానిస్టేబుల్ జుట్టులోకి చెయ్యి పెట్టాడు.

"ఆగండి సారూ."

పెద్ద కేకేం కాదు. బొంగురు గొంతు. అయినా జుట్టు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతుకి బొగ్గు ఒళ్ళు మొత్తం బిగుసుకోవడం ఫెలిసా చూసింది.

గేటులోంచి పొట్టి ముసలాయన ఒకడు టోపీ చేత్తో పట్టుకుని వస్తున్నాడు. వెనక రెండడుగుల దూరంలో, నీలం ముసుగులో పిచ్చుక ఉంది. ఊరు వదిలేవాడు బస్సుల దగ్గరే ఉంటాడని వెళ్ళి, ఆ చేతుల్ని బట్టి గుర్తుపట్టిందన్నమాట. ఆయన ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండా, రెండు రోజులుగా అక్కడే ఏ బెంచీ మీదో కూర్చున్నాడన్నమాట.

"ఆ షెడ్డులో పోయినవాడు నా తమ్ముడు. పేరు నేను చెబుతాను, ఊరు చెబుతాను. తోసింది నేను. ఆ పిల్లాడి మొహం మీద ముందు ఏదైనా కప్పండి."

కెమెరాలు నాలుగూ ఒక్కసారిగా ముసలాయన వైపు తిరిగాయి. ఫెలిసా భుజం మీది శాలువా లాగి, ఒక్క అంగలో వెళ్ళి బొగ్గు తల మీద కప్పింది. కళ్ళ దగ్గర మాత్రం సందు మిగిల్చింది.

బాస్కోపె మొహం కందిపోయింది. బొగ్గు భుజం పట్టుకుని కుదిపాడు. "ఎవడీ ముసలాడు? నీకు తెలుసా?"

బొగ్గు శాలువా సందులోంచి చూశాడు. తెల్లటి బుగ్గలు, సన్నటి పెదాలు, గడ్డం మీద పాత గంటు. అతని కళ్ళు ఆ మొహం మీద అంగుళం అంగుళం తిరిగాయి, ఎక్కడా ఆగలేదు.

"తెలీదు సారూ," అన్నాడు. "ఈ మొహం నేనెప్పుడూ చూళ్ళేదు."

అబద్ధమాడి ఆయన్ని కాపాడదామనుకున్నాడు పాపం. నోట్లోంచి వచ్చింది నిజమే.

మేస్త్రీ కెమెరాల మధ్యలోంచి అతని వైపు తిరిగి నవ్వాడు.

"ఇప్పుడు చూశావు కదరా," అని, రెండు చేతులూ లెఫ్టినెంట్ ముందుకి చాపాడు.